నేను చూశానని పెట్టిన సంతకం

తొమ్మిదో వారం

పోయిన వారం నన్ను మీరు బెంగళూరు మారతహళ్ళిలో మా వంటింట్లో, చేతిలో రెండంగుళాల ప్లాస్టర్ ముక్కతో వదిలేశారు. ఆస్పత్రుల్లో సెలైన్ సూది కదలకుండా అంటిస్తారే, ఆ తెల్ల ప్లాస్టర్. దాని మీద నీలం బాల్‌పెన్నుతో "2. పనికిరాదు. వాడొద్దు. రూతు" అని ఉంది. తెచ్చి నా ముందు పెట్టింది ఆ రూతక్కే. మా చర్చి మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసుకునే నర్సు. హెబ్బగోడిలో శాంతమ్మ అనే పెద్దావిడకు ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేర్చారని, ఆమె ఇంట్లో బాడుగకు తెచ్చుకున్న ఆక్సిజన్ మిషన్ వెనక మూత తీస్తే లోపల తన రాతే కనబడిందని చెప్పింది.

"నువ్వు దగ్గరుండి క్రషర్‌లో పిండి చేయించానన్నావు కదమ్మా?" అని ఒక్కటే అడిగింది.

టీ పెట్టనా అక్కా అన్నాను. సిగ్గున్న మనిషికి ఆ మాట నోట రాదు. నాకు వచ్చింది. రూతక్క టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా తప్పు ఎంతదో మీకు అందదు. కుందలహళ్ళిలో శ్వాసిని అనే కంపెనీ మాది. ఇళ్ళలో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లు, నెబ్యులైజర్లు, బీపీ మిషన్లు అమ్ముతాం. వస్తువు తయారుచేసి అమ్మినవాడే, అది పాడైపోయాక దాని అంత్యక్రియలు కూడా చూసుకోవాలని మన దేశంలో నిబంధన ఉంది. ఏ ఏడు ఎంత అమ్మామో చూసి, కొన్నేళ్ళ తర్వాత ఇంత బరువు పాత సరుకు రీసైకిల్ చేయించమని ప్రభుత్వం చెప్తుంది. మాకు ప్లాంటు లేదు కాబట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్ ఆ పని చేసి ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిస్తే, ఆ సర్టిఫికెట్ మేం తీసుకుంటాం. మార్చి ముప్పై ఒకటిలోగా బరువు నిండాలి. అది నిండేలా చూడటమే నా పని. ఆఫీసులో నన్ను ముద్దుగా చెత్త మేడమ్ అంటారు. నేనూ నవ్వేదాన్ని.

సాక్షి సంతకం మాత్రం ప్రభుత్వం అడిగింది కాదు. ఇవి రోగులు వాడే వస్తువులు, పాడైనవి మళ్ళీ ఎవరి ముక్కు దాకానో వెళ్తే ప్రమాదం, అందుకని మా మనిషి ఒకరు ఎదురుగా నిలబడి ప్రతి మిషనూ పిండి కావడం చూసి సంతకం పెట్టాలని మా కంపెనీ సొంతంగా పెట్టుకున్న నియమం అది. ఆ నియమం రాసిన మహాతల్లిని నేనే. "నా సమక్షంలో పూర్తిగా ధ్వంసం చేయబడినవి" అని ఫారంలో ఉండే వాక్యం కూడా నాదే. రాసిన రోజున దాన్ని మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే సరిగ్గా మార్చి నెలాఖరులో వచ్చి పడింది.

చర్చి అలవాటు లేనివాళ్ళకి చెప్తాను. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు తలా ఒకటి తీసుకుని ప్రసంగిస్తారు. ఎవరికి ఏ మాటో నెల ముందే పాస్టరుగారు చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ చేతికొచ్చిందంటే సంఘంలో మనమూ ఒక మనిషి కింద లెక్కకొచ్చినట్టు. పదకొండేళ్ళుగా ఆ చర్చికి పోతుంటే నాకు ఆ ఏడే మొదటిసారి వచ్చింది. మూడో మాట. కన్నతల్లిని శిష్యుడి చేతికి అప్పగించిన మాట. బాపట్లలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆవిడ ఏడ్చింది కూడా.

అదే పొద్దున బొమ్మసంద్రలో మా రీసైక్లర్ వీరభద్రంగారి ప్లాంటులో ముప్పై ఒక్క ఆక్సిజన్ మిషన్లు పిండి కావాలి. అందులో ఆరు మా చర్చివి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు సంఘమంతా కలిసి కొన్నవి. రూతక్కే వాటిని ఇంటింటికీ తిప్పి, తెచ్చి, తుడిచి, మళ్ళీ ఇచ్చింది. మూడేళ్ళకి అవి అరిగిపోయాయి. ఈ మిషన్ లోపల గాలిని వడగట్టే గుళికలు ఉంటాయి. అవి చచ్చిపోయాక మోటారు గుర్రుమంటూనే ఉంటుంది, గొట్టంలో గాలి తగులుతూనే ఉంటుంది, కానీ వచ్చేది మన ఇంట్లో ఫ్యాను కింద వచ్చే గాలే. అందుకే ఆక్సిజన్ తగ్గితే కీచుమని అరిచే అలారం పెడతారు. ఆరూ అరవడం మొదలుపెట్టాక రూతక్క ప్లాస్టర్ ముక్కల మీద నంబర్లు రాసి, ఒక్కోదానికీ వెనక మూత లోపల అంటించి నాకు అప్పగించింది. నీ చేతుల్లో పెడుతున్నా అమ్మాయ్, అంది.

తొమ్మిదింటికల్లా తెల్ల చీర కట్టుకుని, నెత్తిన పసుపు హెల్మెట్ పెట్టుకుని క్రషర్ ముందు నిలబడ్డాను. బెల్టు తెగిందన్నారు. పది నిమిషాలు మేడమ్ అన్నారు. పదైంది, పదిన్నరైంది, పదకొండుంబావైంది. చర్చికి పోయే దారిలో హోసూర్ రోడ్డు, సిల్క్ బోర్డు, రింగ్ రోడ్డు ట్రాఫిక్ నా కళ్ళ ముందు తిరగడం మొదలైంది. మూడో మాట అంటే ఒంటిగంటకల్లా నేను వేదిక మీద ఉండాలి.

"నువ్వు పోమ్మా జ్యోత్స్నమ్మా. మీ పండగ దినం. ఈడ మేము ఉండాము కదా," అన్నారు వీరభద్రంగారు, ఫారం నా ముందు పెట్టి.

సంతకం పెట్టాను. పెన్ను మూత కూడా జాగ్రత్తగా పెట్టి ఇచ్చాను.

ఒంటిగంటకి వేదిక ఎక్కి, ఇంకొకరి తల్లిని మన తల్లిలా చూసుకోవడం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడాను, అదే నా బాధ. మూడో వరసలో రూతక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

*

రూతక్క వెళ్ళిన మర్నాడు ఆఫీసుకు సెలవు చెప్పి, బొమ్మసంద్రకు క్యాబ్ ఎక్కాను. ప్లాంటు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. క్రషర్ నడుస్తోంది. పాత ప్రింటర్లు బెల్టు మీద వరసగా వెళ్ళి అవతల ముక్కలై పడుతున్నాయి. ఆ చప్పుడుకి చెవులు మూసుకోవాలి. అయిదు నెలల కిందట నేను ఆగి వినాల్సిన చప్పుడు అది.

వీరభద్రంగారికి అరవై దాటాయి. వాళ్ళ తాతల కాలంలోనే మదనపల్లి వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. ఎప్పుడు వెళ్ళినా ఫిల్టర్ కాఫీ ఇప్పించకుండా పంపరు. ఆ రోజూ ఇప్పించారు. నేను గ్లాసు ముట్టకుండా ప్లాస్టర్ ముక్క తీసి టేబుల్ మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని వెలుగుకి ఎత్తి చూశారు. ఆయన చదివింది కన్నడం బళ్ళో. అయినా కూడబలుక్కుని మొత్తం చదివారు.

"ఎవరమ్మా ఈ రూతు?"

"నర్సు. ఆ శుక్రవారం మీకు ఇచ్చిన ముప్పై ఒక్క మిషన్లలో మా చర్చి రెండో నంబరుది ఇది. హెబ్బగోడిలో ఒక పేషెంటు ఇంట్లో దొరికింది. దాన్నే వాడుతూ వచ్చారు."

"ఉండనే ఉండదు. మా యార్డులోనుంచి స్క్రూ కూడా బయటికి పోదు." సొరుగు లాగి ఫైలు తీశారు. అందులో నా ఫారం. దాని మీద నా సంతకం, కింద తేదీ, టైము. "ఇదో, నీ సమక్షంలో అయిపోయినాయి. నువ్వే రాసి ఇచ్చిండావు."

"నేను చూడకుండా పెట్టాను. అది మీకు తెలుసు."

ఆయన నా వంక చూసి, లేచి వెళ్ళి తలుపు వేశారు. క్రషర్ చప్పుడు సగం తగ్గింది. కూర్చుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"ఆ దినం ఒక్కటి కూడా క్రషర్‌లో పడలేదమ్మా," అన్నారు చివరికి.

నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. ఒకటో రెండో జారిపోయి ఉంటాయి, ఎవడో కూలీ దొంగిలించి ఉంటాడు అని దారి పొడుగునా నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను. దొంగ ఎవడో ఒకడు దొరికితే వాడి మీద నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోదామని నా ఆశ.

"బెల్టు వేసి స్విచ్చి వేస్తే మోటారు కాలిపోయింది. శనివారం మెకానిక్ రాలే. పోర్టల్‌లో శుక్రవారం మధ్యాహ్నమే ఎక్కించేసి ఉండా నేను, నీ సంతకం చేతిలో ఉండాది కదా అని. శనివారం సాయంత్రం గవర్నమెంటు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున ఇన్‌స్పెక్షన్‌కు వస్తా ఉండామని."

"అయితే?"

"అయితే ఏంటమ్మా? కాగితంలో పిండయిపోయిన మిషన్లు ముప్పై ఒకటి యార్డులో నిలబడి ఉండాయి. వచ్చినోళ్ళకు ఏం చెప్పేది? నీ సంతకం లేకుంటే ఇబ్బందే లేదు. రిపేరీలో ఉండాది సార్, మోటారు వచ్చినాక చేస్తాము అనేవాణ్ణి. మోటారు మంగళవారం వచ్చింది, మంగళవారమే పిండి చేసేసేవాణ్ణి. నీ సంతకం ఉండబట్టే అవి నా దగ్గర ఉండకూడని సరుకైపోయినాయి."

ఈ మాట నాకు రెండోసారి చెప్పించుకోవాల్సిన అవసరం రాలేదు. నేను ఆ రోజు సంతకం పెట్టకుండా పరిగెత్తి ఉన్నా సరిపోయేది. నెలాఖరుకి బరువు నిండేది కాదు, మా బాస్ చేత నాలుగు చీవాట్లు తినేదాన్ని, మిషన్లు మంగళవారం దాకా ఎక్కడివక్కడ ఉండేవి. అజాగ్రత్త వల్ల ఏదో జరిగిపోయిందని అనుకుంటూ వచ్చాను. కాదు. నా సంతకమే వాటిని గేటు దాటించింది.

"నాకు ఒక్క ఫోన్ చేయొచ్చు కదా వీరభద్రంగారూ!" అన్నాను. గొంతు లేచింది. తప్పు చేసినవాళ్ళకే గొంతు ముందు లేస్తుంది.

ఆయన తన ఫోన్ తీసి, వేలితో కిందికి కిందికి నెట్టుకుంటూ పోయి, నా ముందు పెట్టారు. ఆదివారం. పొద్దున ఆరూ పదికి నాకు ఒక కాల్. ఆరూ నలభైకి ఇంకొకటి. వాటి కింద ఎనిమిదింటికి నా దగ్గర్నుంచి ఒక మెసేజ్. తెల్ల లిల్లీ పూల బొమ్మ, దాని మీద ఈస్టర్ శుభాకాంక్షలు.

పండగ రోజు కదా, శుభాకాంక్షలు చెప్పడానికే చేశారనుకున్నాను అని మీకు చెప్పొచ్చు. అబద్ధం. వీరభద్రంగారు ఆదివారం పొద్దున ఆరింటికి శుభాకాంక్షలు చెప్పే మనిషి కాదని నాకు తెలుసు. సూర్యోదయ ఆరాధన నుంచి బయటికొచ్చి ఆ రెండు మిస్డ్ కాల్స్ చూసినప్పుడే ప్లాంటులో ఏదో తేడా జరిగిందని అనుమానం వచ్చింది. తిరిగి చేస్తే ఏదో చెప్తారు, చెప్తే నాకు తెలిసిపోతుంది, తెలిస్తే ఏదో ఒకటి చేయాలి. సర్టిఫికెట్ అప్పటికే వచ్చేసింది. అందుకని పూల బొమ్మ పంపించాను. ఆ అనుమానాన్ని అయిదు నెలలు కడుపులోనే పెట్టుకుని, ప్రతి ఆదివారం రూతక్క పక్కన కూర్చుని పాటలు పాడాను.

"నీకూ తెలిసిపోయింది, మాట్లాడేది వద్దనుకుంటా ఉండావు అనుకున్నానమ్మా నేను," అన్నారాయన. నిష్ఠూరం లేదు గొంతులో. అది ఇంకా కష్టంగా ఉంది.

"తర్వాత ఎక్కడికి పంపారు?"

"చందాపురలో సురేశ్ అని ఉండాడు. మంచాలు, వీల్‌చైర్లు, ఆక్సిజన్ మిషన్లు బాడుగకిస్తాడు. రెండు దినాలు నీ గోడౌన్‌లో పెట్టుకో అప్పా, ఇన్‌స్పెక్షన్ అయినాక బండి పంపిస్తా అన్నా. పంపితే, ఉండనీ సార్, స్పేర్ పార్టులకు వాడుకుంటా అన్నాడు. నేనూ సుమ్నే అయిపోయినా."

సుమ్నే అంటే ఈ ఊరి కన్నడంలో ఊరికే ఉండిపోవడం. నేను చేసిందీ అదే, పూల బొమ్మ అదనం.

"స్పేర్ పార్టులకు వాడుకోలేదు. అలారం వైరు కత్తిరించి, టేపు చుట్టి, పైన తుడిచి ఇళ్ళకు ఇచ్చాడు. రూతక్క విప్పి చూసింది. మిషన్ అరవదు. అరవకపోతే బాగుందనుకుంటారు వాళ్ళు."

వీరభద్రంగారి మొహం మారింది. ఇది మాత్రం ఆయనకు తెలియదని నాకు అర్థమైంది. కాఫీ గ్లాసు పక్కకు జరిపి ముందుకు వంగారు.

"ఒక మాట చెప్తా విను. భయపెట్టేకి కాదు, ఉండేది చెప్తా ఉండా. ఇది బయటికి పోతే మొదట పట్టుకునేది నిన్నే. నా దగ్గర నీ కాగితం ఉండాది. నీ దగ్గర నాది ఏమీ లేదు."

"తెలుసు."

"అందుకే చెప్తా ఉండా. ఎవరికీ చెప్పొద్దు. పది దినాలు టైమియ్యి. సురేశ్‌ను పట్టుకుని ఒక్కొక్కటే వెనక్కి తెప్పిస్తా. ముప్పై ఒకటీ ఈ చేత్తోనే క్రషర్‌లో వేస్తా. ఈసారి నువ్వు నిలబడి చూడు. నీ సంతకం నిజమైపోతుంది."

నీ సంతకం నిజమైపోతుంది. ఎంత తీయగా ఉందో ఆ మాట! ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది, వచ్చే గుడ్ ఫ్రైడేకి ఇంకో చీటీ కూడా రావచ్చు. రూతక్కకి ఏదో ఒకటి చెప్పొచ్చు. నేను కాదనడానికి ఎంతసేపు పట్టిందని అడిగితే చెప్పలేను గానీ, వెంటనే మాత్రం కాదనలేదు. సరేనన్నట్టు తల సగం ఊగింది కూడా. బల్ల మీద ప్లాస్టర్ ముక్క ఆయన గ్లాసు కింది తడికి అంటుకుని ఉంది. నీలం సిరా కొంచెం చెదిరింది.

"ఈ పది రోజులూ ఆ ఇళ్ళలో రోగులు ఏం పీల్చుకోవాలి?" అన్నాను.

ఆయన ఫైలు మూసి సొరుగులో పెట్టేశారు.

"మీకు చేతకాకపోతే నేనే చందాపురకు పోతాను. ముందు వాళ్ళ అడ్రసులు కావాలి నాకు. ఇప్పుడే. సంతకం సంగతి తర్వాత నేను చూసుకుంటాను, మీ పేరుతో పాటు నా పేరూ నేనే చెప్తాను."

వీరభద్రంగారు ఫోన్ తీసుకుని సురేశ్‌కు చేశారు. మొదట నవ్వుతూ మాట్లాడారు, తర్వాత కన్నడంలో గట్టిగా, చివరికి తిట్లు. నేను ఆయన నోట తిట్లు వినడం అదే మొదలు. పావుగంటకి ఆయన ఫోన్‌లోకి సురేశ్ చేతిరాత బాడుగ పుస్తకం పేజీల ఫోటోలు రెండు వచ్చాయి. అవి నాకు పంపారు. నేను వాటిని అలాగే రూతక్కకు పంపాను.

ముప్పై ఒకటిలో ఇరవై మూడు ఇళ్ళలో ఉన్నాయి. అనేకల్, జిగణి, అత్తిబెలె, హెబ్బగోడి. ఎవరెవరో పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు. కొన్ని పేర్ల పక్కన అవ్వ అని రాసి ఉంది, గుర్తు కోసమేమో. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వస్తున్నాను. మొదటి పేజీలో శాంతమ్మ పేరు దొరికింది. దాని మీద గీత కొట్టి ఉంది. పోనీలే, ఈమె ఒక్కతైనా బయటపడింది, ఆస్పత్రిలో ఉంది అనుకున్నాను.

రెండో పేజీలో చివరి వరస మళ్ళీ శాంతమ్మ.

అదే హెబ్బగోడి, అదే నంబరు. పక్కన మార్చి ఇచ్చినట్టు రాసి, ఆ రోజు తేదీ, మధ్యాహ్నం రెండు గంటలు అని ఉంది.

ఆమెను ఆ రోజే డిశ్చార్జి చేస్తారని రూతక్క ముందు రోజు చెప్పింది. మిషన్ సరిగ్గా లేదని ఇంట్లోవాళ్ళు సురేశ్ మీద కేకలేసి ఉంటారు. వాడు క్షమించమని దండం పెట్టి, మంచిది ఇస్తున్నానని చెప్పి, ఇంకొకటి తెచ్చి పెట్టి ఉంటాడు. ఆ ముప్పై ఒకటిలోదే. గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

రూతక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డ్యూటీలో ఉంటే ఫోన్ సంచిలో పెట్టేస్తుంది. ఫోటోలో ఉన్న నంబరుకు చేశాను. మోగి మోగి ఆగిపోయే ముందు ఎవరో ఎత్తారు.

"ఎవురూ?" ఆడమనిషి గొంతు. ఆ ఒక్క మాటకే ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది ఆమెకు. వెనకాల మిషన్ గుర్రుమంటోంది. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు.

"శాంతమ్మగారా? ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"ఎవురూ లేరు. నా కూతురు శశికళ... ఫ్యాక్టరీకి పాయ. ఐదున్నరకు వస్తాది."

"మిషన్ ఎలా ఉందమ్మా? అలారం ఏమైనా మోగిందా?"

"లేదు తల్లీ. బాగుండాది ఇది. పాతదాని మాదిరే... నిమ్మళంగా ఉండాది. అరవదు."

వీరభద్రంగారు లేచి నిలబడ్డారు. స్పీకర్‌లో ఆయనకూ వినిపిస్తోంది. ఒక చేత్తో కారు తాళం తీసుకుని, ఇంకో చేత్తో తన ఫోన్‌లో ఒకటి సున్నా ఎనిమిది నొక్కారు. ఇద్దరం మెట్లు దిగాం. క్రషర్ పక్కనుంచి పోతుంటే ఏమీ వినిపించక ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

కారులో కూర్చున్నాక మళ్ళీ ఆమె ఊపిరి వినిపించింది. "అమ్మా, వేలికి తగిలించి చూసేది ఉందా మీ దగ్గర? క్లిప్పులాంటిది?"

"ఉండాది. ఆసుపత్రిలో... తొంభై మూడు అన్న్యారు. ఉండు." చాలాసేపు ఆగింది. "ఎనిమిది పక్కన... ఒకటి మాదిరి ఉండాది. కండ్లు సరిగ్గా... అగుపడవు."

ఎనభై ఒకటి. వీరభద్రంగారు నా మొహం చూసి హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. హోసూర్ రోడ్డు మీద షిఫ్టు బస్సులు అడ్డంగా నిలబడి ఉన్నాయి. అంబులెన్సు బయల్దేరిందని ఆయన ఫోన్‌లో ఎవరో చెప్తున్నారు, ఎంతసేపట్లో వస్తుందంటే మాత్రం తేల్చడం లేదు.

"ఇంట్లో సిలిండర్ ఉందా అమ్మా? ఆస్పత్రి వాళ్ళు ఇచ్చింది?"

"ఉండె. మిషన్ తెచ్చినోడు... ఇది ఉంటే అది ఏంటికవ్వా అని... ఎత్తుకోని పాయ."

"లేచి తలుపు తీయగలరా? పక్కింటివాళ్ళని పిలవగలరా?"

"అంత దూరం... అవదు తల్లీ."

ఎంత దూరం ఉంటుంది ఆ ఇంట్లో మంచం నుంచి తలుపుకి! నాలుగు అడుగులు ఉంటాయేమో. నేను కూర్చున్న సీటు ముందు నా చెప్పుల కాళ్ళు వాటంతటవే నేలను తొక్కుతున్నాయి, నేనే నడుపుతున్నట్టు. మాట్లాడుతూ ఉండండమ్మా, మేం వస్తున్నాం, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి అన్నాను.

"నువ్వెవురు తల్లీ? ఆసుపత్రి... నర్సమ్మవా?"

అవునమ్మా అనేస్తే సరిపోయేది. ఆమెకు ధైర్యంగా కూడా ఉండేది. ఆ అబద్ధం ఒకరి మంచికే అని నాకు నేను చెప్పుకోవచ్చు. నేను ఎప్పుడూ చెప్పుకునేది అదేగా. నోటిదాకా వచ్చింది.

"కాదమ్మా," అన్నాను. "నా పేరు జ్యోత్స్న. మీ పక్కన మోగుతున్న ఆ మిషన్‌ని నా కళ్ళెదుటే పిండి చేశారని సంతకం పెట్టినదాన్ని. నేను చూడలేదమ్మా. చూడకుండా పెట్టాను."

వీరభద్రంగారు ఒక్క క్షణం నా వైపు తిరిగి మళ్ళీ రోడ్డు వైపు తిరిగారు. నేను తిట్టు కోసం ఎదురు చూశాను. నిజం చెప్తున్నాను, ఆ తిట్టు నాకు కావాలి. అయిదు నెలల నుంచి ఎవరో ఒకరు తిట్టాలని చూస్తున్నాను.

అవతలి నుంచి ఏమీ రాలేదు.

"శాంతమ్మగారూ? వింటున్నారా?"

ఏదో కింద పడిన చప్పుడైంది, ఫోనే పడిందో, ఆమె వేలికున్న క్లిప్పు పడిందో. కాల్ మాత్రం తెగలేదు. అమ్మా, అమ్మా అని అరుస్తూనే ఉన్నాను, అవతల మిషన్ ఒక్కటే గుర్రుమంటూ ఉంది.